పోయిన ఆసుపత్రికి దినం

మనిషి పోతే ఏం చెయ్యాలో గోదావరి డెల్టాలో ఎవరి లెక్క వారికి ఉంది. చిన్నదినం, పెద్దదినం, ఏడాది తిరిగాక సంవత్సరీకం. క్రైస్తవుల ఇళ్ళలో ఆదరణ కూడిక, జ్ఞాపకార్థ కూడిక. ముస్లింల ఇళ్ళలో నలభయ్యో రోజు. పందిరి వేస్తారు, ఫొటోకి దండ వేస్తారు, చివర్లో నలుగురికీ భోజనం పెడతారు. ఆసుపత్రి పోతే మాత్రం ఏ లెక్కా లేదు. గేటుకి తాళం పడుతుంది. ఎదురుగా ఉన్న మందుల షాపు కొన్నాళ్ళు చూసి బస్టాండు దగ్గరికి మారిపోతుంది. కొబ్బరిబోండాల బండి, బ్రెడ్డూ పాలూ అమ్మే కొట్టు, రోగి తాలూకు వాళ్ళకి క్యారేజీలు కట్టే మెస్సు ఒకదాని వెనక ఒకటి సర్దుకుంటాయి. ఆ తరవాత ఊరు మాట్లాడుకునేది స్థలం గురించే. సెంటు ఎంత పలుకుతుంది, ఎవరు కొంటున్నారు, వచ్చేది అపార్ట్‌మెంటా ఫంక్షన్ హాలా అని.

ఆ లోటుని ఒక నాటకం ఎలా పూడ్చబోయిందో చూడాలంటే న్యూయార్క్ దాకా వెళ్ళాలి. అక్కడ గ్రీనిచ్ విలేజ్ అనే పేటలో సెయింట్ విన్సెంట్స్ ఆసుపత్రి 161 ఏళ్ళు నడిచి 2010 ఏప్రిల్ 30న మూతపడింది. తొమ్మిదేళ్ళకి, 2019 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో, ఆ ఆసుపత్రి ఉన్న చోటికి కూతవేటు దూరంలోని రాటిల్‌స్టిక్ అనే చిన్న థియేటర్ దాని మీద ఒక నాటకం ఆడింది. పేరు ‘నొవేనాస్ ఫర్ ఎ లాస్ట్ హాస్పిటల్’. రాసినావిడ కూసీ క్రామ్, దర్శకురాలు డేనియెలా టోపోల్. నొవేనా అంటే కేథలిక్కులు తొమ్మిది రోజులు వరసగా చేసే ప్రార్థన. గౌరీపట్నం నిర్మలగిరి మేరీమాత దగ్గరికి వెళ్ళే గోదావరి జిల్లాల వారికి నవదిన ప్రార్థనలు అంటే చాలు, ఇంకే వివరమూ అక్కర్లేదు. మిగతా వారికి దసరా తొమ్మిది రాత్రులు ఎలాగూ తెలుసు. ఇక పేరులో ఉన్న ‘లాస్ట్’ అన్న మాటకి తెలుగులో వెతుక్కోవలసిన పని లేదు. ‘పోయిన’ అంటే సరిపోతుంది. పర్సు పోయింది అన్నా, తాతగారు పోయారు అన్నా మనకి ఒకటే క్రియ. ఆ ఆసుపత్రి విషయంలో రెండర్థాలూ నిజమే.

నాటకం ఎలా నడిచిందన్నది ముందు చెప్పుకోవాలి, ఎందుకంటే దాని బలమంతా అందులోనే ఉంది. టికెట్టు కొన్న ప్రేక్షకులు తిన్నగా హాల్లోకి వెళ్ళి కూర్చోరు. పక్కనే ఉన్న సెయింట్ జాన్స్ చర్చి తోటలో ముందు పోగవుతారు. నాటకం అక్కడ మొదలవుతుంది. తరవాత థియేటర్‌లోకి నడుస్తారు, ప్రధాన భాగం అక్కడ జరుగుతుంది. అది అయ్యాక మళ్ళీ లేచి, నటులతో పాటు వీధిలోకి వచ్చి, ఎయిడ్స్‌తో చనిపోయిన లక్షమందికి పైగా న్యూయార్క్ వాసుల కోసం కట్టిన స్మారకం దాకా నడుస్తారు. 2016 డిసెంబరు 1న ప్రారంభమైన ఆ స్మారకం సరిగ్గా ఆ ఆసుపత్రికి ఎదురుగా ఉండే ముక్కోణపు స్థలంలోనే ఉంది. పద్దెనిమిది అడుగుల ఎత్తున తెల్లటి ఉక్కు పందిరి అది.

మూడు చోట్లు, మధ్యలో రెండు నడకలు. పాశ్చాత్య నాటకరంగంలో దీన్ని ప్రయోగం అంటారు. కోనసీమ వాళ్ళకి ఇందులో ప్రయోగమేమీ కనపడదు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో జరిగేది ఇదే కదా. పదకొండు ఊళ్ళ రుద్రులు ఎవరి ఊళ్ళో వాళ్ళు బయల్దేరి, భుజాల మీద మోసే ప్రభలనే వెదురు కట్టడాలెక్కి, వరిచేలు తొక్కుకుంటూ వస్తారు. గంగలకుర్రు ప్రభలైతే ఎగువ కౌశిక కాలువలో మెడలోతు నీళ్ళలోంచి దిగి దాటుతాయి. చేను తొక్కారని ఏ రైతూ కోప్పడడు. ఊరి దేవుడిని ఊరు మోసుకొచ్చి ఒకచోట దించడమే అక్కడ కథ. మోసిన భుజానికీ, వెంట నడిచిన కాలికీ గుర్తున్నంతగా కుర్చీలో కూర్చుని చూసినవాడికి గుర్తుండదు. న్యూయార్క్ నాటకం ప్రేక్షకులని కుర్చీలోంచి లేపిందంటే ఆ సంగతి తెలిసే చేసిందనుకోవాలి. నడిచింది రెండు మూడు వీధులే. కానీ ఆ వీధులే ఒకప్పుడు అంబులెన్సులు తిరిగిన వీధులు.

కథని నడిపించే ఆవిడ ఎలిజబెత్ సీటన్. అమెరికాలో పుట్టినవారిలో కేథలిక్ చర్చి పునీతురాలిగా ప్రకటించిన మొదటి వ్యక్తి, 1975లో. ఆవిడ నెలకొల్పిన సంప్రదాయానికి చెందిన సిస్టర్స్ ఆఫ్ చారిటీ అనే కన్యస్త్రీలు ఈ ఆసుపత్రి పెట్టారు. విచిత్రం ఏమిటంటే ఆవిడ క్షయతో 1821లోనే చనిపోయింది, ఆసుపత్రి 1849లో పుట్టింది. అంటే తను ఎన్నడూ చూడని ఆసుపత్రికి ఆవిడ సూత్రధారి. ఆ పాత్ర వేసింది కాథ్లీన్ చాల్ఫాంట్ అనే పేరున్న నటి. చనిపోయిన మనిషి కథ చెప్పడం, ఒక్కోసారి కథలోకి దిగడం, ఒక్కోసారి బయటికొచ్చి ప్రేక్షకుల వైపు తిరిగి మాట్లాడటం తెలుగువాళ్ళకి కొత్తేమీ కాదు. బుర్రకథలో కథకుడు అల్లూరి సీతారామరాజై తుపాకీ పేల్చి, మరుక్షణంలో తంబురా భుజాన వేసుకుని కథకుడైపోతాడు. ఒకపక్క హాస్యం వంత, ఇంకోపక్క రాజకీయం వంత. ఈ నాటకంలో ఆ రెండో వంత గొంతు కాస్త తక్కువైంది, ఆ సంగతి తరవాత.

సీటన్ ఎంపిక వెనక ఇంకో కారణం ఉందని చెప్పుకోవచ్చు. 1803లో ఆవిడ జబ్బుపడ్డ భర్తని తీసుకుని ఇటలీ వెళితే, న్యూయార్క్‌లో పచ్చజ్వరం ఉందన్న భయంతో అక్కడి అధికారులు వాళ్ళని ఓడ దిగగానే లివోర్నో రేవులో క్వారంటైన్‌లో పెట్టారు. చలిలో, రాతి గదిలో. బయటికొచ్చిన కొద్దిరోజులకే భర్త చనిపోయాడు. రోగం కంటే ముందు రోగభయం మనిషిని ఎలా తీసుకెళ్ళి మూలన పడేస్తుందో ఆవిడకి ఒంటితో తెలుసు. 2019లో ఈ వివరం చరిత్ర పాఠంలా వినపడి ఉంటుంది. నాటకం ముగిసిన అయిదారు నెలలకి క్వారంటైన్ అన్న మాట న్యూయార్క్‌లోనూ, కోనసీమ లంక గ్రామాల్లోనూ పిల్లలకి కూడా నోటికొచ్చేసింది.

ఆవిడతో పాటు ఇంకో చారిత్రక వ్యక్తి నాటకంలో ఉన్నాడు. పియెర్ టూసాంట్. హైతీలో బానిసగా పుట్టి, యజమాని కుటుంబంతో న్యూయార్క్ వచ్చి, గొప్పింటి ఆడవాళ్ళకి జుట్టు అలంకరించే పని చేస్తూ సంపాదించి, ఆ డబ్బుతో అనాథలని సాకి, అంటురోగులకి దగ్గరుండి సేవ చేసిన నల్లజాతి మనిషి. జుట్టు పని చేసేవాడు రోగి మంచం దగ్గర కూర్చోవడం మన పల్లెలకి బాగా తెలిసిన విషయం. నాయీబ్రాహ్మణుల ఇళ్ళలో మగవాళ్ళు కురుపులు కోసి కట్టు కట్టేవారు, ఆడవాళ్ళు మంత్రసానులుగా పురుళ్ళు పోసేవారు. ఆసుపత్రి అన్న భవనం రాకముందు ఆసుపత్రి పని చేసింది ఎవరని అడిగితే, అక్కడా ఇక్కడా జవాబు సమాజం కింది మెట్టు మీద కూర్చోబెట్టిన మనుషులే. నాటకం ఈ మాటని ప్రసంగంగా చెప్పకుండా ఒక పునీతురాలి పక్కన అతన్ని నిలబెట్టి ఊరుకుంది. అది చాలు.

1849లో న్యూయార్క్‌లో కలరా వచ్చింది. ఆ ఏడు నగరంలో దాదాపు 5 వేల మంది పోయారు. అదే ఏడు సిస్టర్లు 13వ వీధిలో ఒక ఇల్లు అద్దెకి తీసుకుని 30 పడకలు వేశారు. ఎక్కువగా ఐర్లండ్ నుంచి కరువుకి పారిపోయి వచ్చిన పేదలు రోగులు. 1856లో అక్కడికి దగ్గర్లోనే, సెవెంత్ ఎవెన్యూ మీదికి మారారు. అక్కడి నుంచి నగరంలో ఏ ఘోరం జరిగినా ఈ ఆసుపత్రి గుమ్మం తొక్కాల్సిందే. 1911లో ట్రయాంగిల్ బట్టల ఫ్యాక్టరీ కాలిపోయి 146 మంది, అందులో ఎక్కువమంది పడుచు ఆడపిల్లలు, చనిపోయినప్పుడు గాయపడినవాళ్ళని ఇక్కడికే తెచ్చారు. మరుసటేడు టైటానిక్ నుంచి బతికి బయటపడిన నూరుమందికి పైగా ఇక్కడే చేర్చారు. ఒక కవయిత్రి పేరులో కూడా ఈ ఆసుపత్రి మిగిలింది. 1892లో పుట్టిన ఎడ్నా సెయింట్ విన్సెంట్ మిలే పేరు మధ్యలో ఉన్నది ఇదే. ఆవిడ పుట్టడానికి కొద్దిరోజుల ముందు మేనమామని ఈ ఆసుపత్రి బతికించిందని తల్లి ఆ పేరు పెట్టింది. పురుడు పోసిన డాక్టరమ్మ పేరు బిడ్డకి పెట్టుకోవడం మన వైపు లేదా? మిషనాసుపత్రిలో పుట్టిన హిందువుల పిల్లకి ఏ మేరీ అన్న ముద్దుపేరో ఉండటం డెల్టాలో ఎవరికీ వింతగా తోచదు.

ఇంత చరిత్ర చేతిలో ఉంటే సాధారణ రచయిత ఎవరైనా టైటానిక్‌ని వదలరు. క్రామ్ నాటకం మాత్రం బరువంతా రెండే రెండు కాలాల మీద పెట్టింది. 1849 కలరా, 1980ల ఎయిడ్స్. 1984లో ఈ ఆసుపత్రి ఎయిడ్స్ వార్డు తెరిచింది, అమెరికా తూర్పు తీరంలో అలాంటిది అదే మొదటిది. రెండు కాలాలకీ మధ్య 135 ఏళ్ళు. ఎందుకు ఈ రెండే అన్నది ఆలోచిస్తే నాటకం నాడి దొరుకుతుంది.

1849లో కలరా ఎందుకొస్తుందో ఎవరికీ ఖాయంగా తెలీదు. నీళ్ళ ద్వారా వస్తుందని లండన్‌లో జాన్ స్నో అనే డాక్టరు ఆ ఏడే రాశాడు కానీ ఎవరూ నమ్మలేదు. కోచ్ ఆ క్రిమిని పట్టుకున్నది 1884 ప్రాంతంలో. నరానికి సెలైన్ ఎక్కించడం అప్పటికి వాడుకలో లేదు. సరిగ్గా అలాగే, 1984లో ఎయిడ్స్‌కి మందు లేదు. మొదటి మందు ఏజడ్‌టీకి అనుమతి వచ్చింది 1987లో, ప్రాణాలు నిలబెట్టగల మందుల కలయిక వచ్చింది 1996 ప్రాంతంలో. అంటే రెండు సందర్భాల్లోనూ ఆసుపత్రి దగ్గర వైద్యం లేదు. ఉన్నదల్లా మంచం, దుప్పటి, నోట్లో చెంచాతో నీళ్ళు పోసే చెయ్యి, పోయే ముందు పక్కన కూర్చునే మనిషి. వైద్యం తీసేస్తే ఆసుపత్రిలో ఏం మిగులుతుంది అని నాటకం అడుగుతోంది. టైటానిక్ ప్రయాణికులతో ఆ ప్రశ్న అడగలేం. వాళ్ళకి పొడి బట్టలు, వేడి సూప్ ఇస్తే కోలుకున్నారు.

డెల్టాలో ఈ రెండు రోగాల పేర్లూ ఇంకా చల్లారలేదు. కలరా అంటే వరదల తరవాత, తీర్థాల తరవాత వచ్చేదని పెద్దవాళ్ళకి తెలుసు. ఊళ్ళో కలరా తగిలితే ఇంటి ముందు వేపమండలు కట్టడం, పొలిమేర దాటించే జాతరలు చెయ్యడం వాళ్ళ చిన్నతనంలో చూసినవే. ఇక హెచ్ఐవీ విషయానికొస్తే, 2000 దశకంలో రెండు గోదావరి జిల్లాలూ దేశంలో ఎక్కువ కేసులున్న జిల్లాల వరసలో ఉండేవి. ఉచితంగా ఏఆర్‌టీ మందులివ్వడం 2004లో మొదలయ్యే వరకూ, మొదలయ్యాక కూడా కొన్నాళ్ళు, ఆ రోగి ఇంట్లో ఉన్నాడంటే ఆ ఇంటి కంచం, గ్లాసు వేరు. పోయాక పాడె మొయ్యడానికి నలుగురు దొరకడం కష్టం. న్యూయార్క్‌లోనూ అదే జరిగింది. ఎయిడ్స్ శవాన్ని ముట్టుకునేది లేదన్న అంత్యక్రియల సంస్థల వాళ్ళున్నారు, వార్డు గుమ్మం దగ్గర అన్నం పళ్ళెం పెట్టి వెళ్ళిపోయిన ఆసుపత్రి సిబ్బంది ఉన్నారు.

సెయింట్ విన్సెంట్స్ ఇందుకు పూర్తిగా అతీతం కాదు. అది కేథలిక్ ఆసుపత్రి, వచ్చే రోగులు ఎక్కువగా స్వలింగ సంపర్కులైన మగవాళ్ళు. చర్చి వాళ్ళని పాపులనేది, వార్డు వాళ్ళని ఒళ్ళో పెట్టుకునేది. ఈ రెంటి మధ్యా రాజుకున్న కోపం ఒకసారి ఎమర్జెన్సీ గదిలోనే పేలింది. ఎయిడ్స్ ఉద్యమకారులు లోపలికొచ్చి నిరసన చేశారు. తరవాత ఆసుపత్రి మారింది, అదే ఉద్యమకారులు చాలామంది దాని వార్డులోనే చివరి రోజులు గడిపారు. తద్దినాల్లో పోయినవాడి మంచే చెప్పుకుంటారు కాబట్టి ఇలాంటివి మరుగున పడిపోవడం సహజం. కానీ స్మారక నాటకానికి ప్రాణం పోసేది ఇలాంటి మచ్చలే. తిట్టుకున్న ఇంటికి వచ్చి ఏడ్చినవాడి ఏడుపులో నటన ఉండదు.

ఆ ఆసుపత్రి చరిత్రలో నాటకరంగానికి అచ్చంగా సరిపోయే దృశ్యం ఇంకొకటుంది. 2001 సెప్టెంబరు 11న జంట భవనాలు కూలిన రోజు. ఆ చోటికి దగ్గరగా ఉన్న పెద్ద ట్రామా ఆసుపత్రుల్లో సెయింట్ విన్సెంట్స్ ఒకటి. డాక్టర్లు, నర్సులు సెవెంత్ ఎవెన్యూ మీదికి స్ట్రెచర్లు తోసుకొచ్చి వరసగా నిలబెట్టారు. తెల్లటి దుప్పట్లు పరిచారు. సెలైన్ స్టాండ్లు పెట్టారు. గ్లవ్స్ వేసుకుని, దక్షిణం వైపు చూస్తూ నిలబడ్డారు. రక్తం ఇస్తామని జనం చుట్టుపక్కల వీధుల దాకా క్యూ కట్టారు. మొదట్లో కొన్ని వందల మంది వచ్చారు, ఆ తరవాత ఎవరూ రాలేదు. మధ్యాహ్నమైంది, సాయంత్రమైంది, దుప్పట్లు మడత నలగలేదు. మర్నాటి నుంచి ఆసుపత్రి గోడ మీద ఫొటోలు అతికించడం మొదలైంది, ఈ మనిషిని ఎక్కడైనా చూశారా అని. 1996 నవంబరు 6 తుపాను తరవాత భైరవపాలెం, బలుసుతిప్ప ఒడ్డున వేటకెళ్ళిన పడవల కోసం నిలబడ్డ ఆడవాళ్ళు చూసిన సముద్రం కూడా అలాంటి ఖాళీ దుప్పటే.

ఇంత చేసిన ఆసుపత్రి ఎందుకు పోయింది? ఒక్క మాటలో, అప్పు. 2000లో ఈ ఆసుపత్రిని నగరంలోని ఇతర కేథలిక్ ఆసుపత్రులతో కలిపి ఒక పెద్ద సంస్థ చేశారు. కలిసినవాటిలో కొన్ని అప్పటికే నష్టాల్లో ఉన్నవి. పేదలకి, ఇన్సూరెన్సు లేనివాళ్ళకి చేసే వైద్యానికి వచ్చే డబ్బు అయ్యే ఖర్చుకి చాలేది కాదు. 2005లో మొదటిసారి దివాలా పిటిషన్ వేశారు, 2007లో బయటపడ్డారు, 2010 ఏప్రిల్‌లో రెండోసారి వేశారు. అప్పటికి అప్పు 70 కోట్ల డాలర్ల దాకా ఉంది. దాదాపు 3,500 మంది ఉద్యోగులు రోడ్డున పడ్డారు. ఆ స్థలాన్ని రూడిన్ అనే రియల్ ఎస్టేట్ సంస్థ 26 కోట్ల డాలర్లకి కొని ఖరీదైన అపార్ట్‌మెంట్లు కట్టింది. ఆ పేట ఉన్న మన్‌హాటన్ పడమటి దిగువ భాగంలో అన్ని వైద్యాలూ దొరికే ఆసుపత్రి లేకుండా పోయింది.

అప్పుల వల్ల ఒక ధర్మాత్ముడు పతనమవడం, చివరికి శ్మశానంలో తేలడం తెలుగు నాటకానికి బాగా అచ్చొచ్చిన కథ. హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను కోసం జనం తెల్లవారుజాము దాకా కూర్చునేవారు. పద్యం రాగం తీస్తుంటే ‘వన్స్ మోర్’ అని కేకలు. అయితే ఆ కథలో కాటి సీను ఒక్కటే ఉండి ఉంటే అంత పండేది కాదు. దానికి ముందు నక్షత్రకుడున్నాడు. విశ్వామిత్రుడి అప్పు వసూలు చెయ్యడానికి అడుగడుగునా వెంటపడి, కూర్చోనివ్వకుండా, నీళ్ళు తాగనివ్వకుండా పీడించేవాడు. అప్పు అన్న కంటికి కనపడని వస్తువుకి ముఖం, గొంతు, నవ్వు ఇచ్చినవాడు. ఈనాటికీ మనం ‘నక్షత్రకుడిలా వెంటపడ్డాడు’ అంటామంటే ఆ పాత్ర ఎంత లోతుగా దిగిందో చెప్పాలా. నవ్వించేదీ వాడే, కడుపు రగిలించేదీ వాడే.

న్యూయార్క్ నాటకం తక్కువ పడింది ఇక్కడే. దాని వెన్నెముక కలరా, ఎయిడ్స్, ప్రార్థన, నడక. ఆసుపత్రి ఎలా బతికిందో చూపించడం మీద ఉన్న శ్రద్ధ దాన్ని ఎవరు ఎలా చంపారన్న దాని మీద అంతగా లేదు. నవదిన ప్రార్థన అన్న రూపమే అటు లాగుతుంది. ప్రార్థనలో ఓదార్పు ఉంటుంది, ఆశ ఉంటుంది. లెక్కల పుస్తకం తెరవడానికి అది చోటు కాదు. దివాలా కోర్టు, బోర్డు సమావేశం, స్థలం అమ్మిన కాగితం వేదికెక్కించడానికి నాటకీయంగా ఉండవని అనుకోవచ్చు. కానీ నక్షత్రకుణ్ణి చూసిన తెలుగు ప్రేక్షకుడు ఆ మాట ఒప్పుకోడు. అప్పుల వాళ్ళ పాత్ర లేని హరిశ్చంద్ర కథ చూపిస్తే ఆయన శ్మశానానికి ఎందుకొచ్చాడో ప్రేక్షకుడికి అర్థం కాదు, విధి అనుకుంటాడు. ఆసుపత్రి మూతపడటం విధి అనుకోవడమే అమ్మినవాళ్ళకీ కొన్నవాళ్ళకీ కావలసింది.

ఇదే కథ గోదావరి డెల్టాలో ఎవరైనా వెయ్యాలనుకుంటే ఎలా ఉంటుంది? ముడిసరుక్కి లోటు లేదు. 1874లో కాకినాడలో దిగిన కెనడా బాప్టిస్టు మిషనరీలు పిఠాపురం, ఆకివీడు, రామచంద్రపురం లాంటి ఊళ్ళలో ఆసుపత్రులు పెట్టారు. రామచంద్రపురంలో కుష్ఠురోగుల కోసం ప్రత్యేకంగా ఉండేది. రాజమహేంద్రవరంలో లూథరన్ మిషన్ ఆడవాళ్ళ కోసం ఆసుపత్రి నడిపింది, విశ్రాంతిపురంలో క్షయరోగుల శానిటోరియం నడిపింది. డెల్టాలో ఒక తరం మొత్తం ‘ఎక్కడ పుట్టారండీ?’ అంటే ‘మిషనాసుపత్రిలోనండీ’ అని చెప్పిన తరం. విదేశాల నుంచి డబ్బు, డాక్టర్లు రావడం తగ్గాక, వీధికో నర్సింగ్ హోం వచ్చాక, 2007 తరవాత ఆరోగ్యశ్రీ కార్డు పట్టుకుని జనం కార్పొరేట్ ఆసుపత్రుల వైపు మళ్ళాక, ఇలాంటి ధర్మాసుపత్రుల ఓపీ పల్చబడటం దేశమంతటా జరిగింది. ఒకచోట పునాదిరాయి మీద పేరు చదవగలిగేలా మిగిలింది, ఇంకోచోట అదీ లేదు.

న్యూయార్క్ కథలో లేని వస్తువు ఒకటి డెల్టా నాటకానికి సొంతంగా ఉంది, గోదావరి. 2002లో యానాం–ఎదుర్లంక వంతెన వచ్చేదాకా అమలాపురం నుంచి కాకినాడ పెద్దాసుపత్రికి రోగిని దగ్గరి దారిన తీసుకెళ్ళాలంటే పంటు, అంటే రేవు దాటించే పెద్ద పడవ, ఎక్కించాలి. మంచంతో సహా. పంటు అవతలి ఒడ్డున ఉంటే వచ్చేదాకా ఆగాలి, నొప్పులు ఆగవు. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య ఇప్పటికీ పంటే. పాయకి ఇవతల ఉన్న ఆసుపత్రి మూతపడటం అంటే దూరం పెరగడం ఒక్కటే కాదు, రాత్రిపూట రేవు దగ్గర నిలబడే భయం మళ్ళీ రావడం. ఈ దృశ్యానికి సెట్టు అక్కర్లేదు. ఒక మడతమంచం, ఒక టార్చిలైటు, ‘ఓ పంటూ...’ అన్న కేక ఉంటే చాలు.

ఇబ్బంది రూపంతోనే. ఇవాళ తెలుగులో సాంఘిక నాటకం బతికున్నది నాటక పోటీలు నడిపే పరిషత్తుల వల్లే. ఆ మాట గౌరవంతో ఒప్పుకోవాలి. సంక్రాంతికో, ఉగాదికో పాలకొల్లు లాంటి ఊళ్ళలో కుర్చీలేసి పోటీలు పెట్టకపోతే ఈపాటికి ఆ దీపం కొండెక్కేది. కానీ పరిషత్తు నియమాలకి ఒక మూస ఉంది. నాటికైతే గంట దాటకూడదు. ఒక జట్టు తెర దించగానే ఇంకో జట్టు సెట్టు వేసుకోవాలి, కాబట్టి సోఫా, తలుపు, కిటికీ ఉన్న ఒకే గది. ముందు వరసలో న్యాయనిర్ణేతలు. బహుమతులు ఎక్కువగా డైలాగుకి, ఏడుపుకి. అలాంటి చోట ఆసుపత్రి కథ వేస్తే అది చివరికి ఐసీయూ బయట బెంచీ మీద కొడుకులు ఆస్తి కోసం కొట్టుకునే నాటిక అవుతుంది. అలాంటివి చాలానే వచ్చాయి కూడా. భవనమే కథానాయకుడైన నాటకానికి ఆ గది చాలదు. రాజమహేంద్రవరం ఆనం కళాకేంద్రం అంత పెద్ద వేదిక ఇచ్చినా చాలదు, ఎందుకంటే కావలసింది వేదిక కొలత కాదు, ప్రేక్షకుడు లేచి నడవడం.

ఆ సంప్రదాయం కూడా ఇంట్లోనే ఉంది. 1940లలో ప్రజానాట్యమండలి బుర్రకథని, వీధినాటకాన్ని ఊళ్ళ రచ్చబండల దగ్గరికి తీసుకెళ్ళింది. దాన్ని ముందుండి నడిపించిన గరికపాటి రాజారావు రాజమహేంద్రవరంలో పుట్టినవాడు, చదువుకి డాక్టరు. ఒక వైద్యుడు స్టెతస్కోపు పక్కన పెట్టి నాటకం పట్టుకున్న నేల ఇది. అంతకు ముందే, 1880లో కందుకూరి వీరేశలింగం ఇదే ఊళ్ళో ఆడించిన ప్రహసనం వకీళ్ళ అక్రమాల మీద. అంటే తెలుగు రంగస్థలం మొదటి అడుగుల్లోనే కాగితాల మోసం కథావస్తువైంది. దివాలా కాగితాలు, ట్రస్టు డీడులు, పవర్ ఆఫ్ అటార్నీలు నాటకానికి పనికిరావని ఎవరైనా అంటే వీరేశలింగం పంతులుగారు ఒప్పుకోరు.

కాబట్టి అలాంటి నాటకం వేసేవాళ్ళకి కావలసిన పనిముట్లు రెండు చేతులకీ అందుబాటులో ఉన్నాయి. న్యూయార్క్ వాళ్ళ దగ్గర నేర్చుకోవలసినది నడిపించడం, వైద్యం లేని చోట సేవని చూపించడం. వాళ్ళు వదిలేసినది మన దగ్గర ఉంది, నక్షత్రకుడు. మూతపడిన గేటు ముందు కథ మొదలుపెట్టి, పాత ఓపీ చీటీ రాసిన కాంపౌండరు, అర్ధరాత్రి లాంతరు పట్టుకొచ్చిన ఆయా, వార్డులో మంచం కింద పడుకున్న తల్లి ఒక్కొక్కరే వచ్చి మాట్లాడి, రేవు దాకా నడిచి అక్కడ పంటు కోసం నిలబడితే, వెనకాలే అప్పుల వాడు పుస్తకం పట్టుకుని నడుస్తుంటే, ఆ నాటకం గంటలో అవ్వదు. బహుమతీ రాదు. ఊరు మాత్రం వస్తుంది, ఎందుకంటే అందులో సగంమంది పుట్టిన ఇల్లది.

న్యూయార్క్ నాటకంలో చివరి నడక ఆగే చోటు చూస్తే ఒక సంగతి కళ్ళబడుతుంది. స్మారకపు తెల్లటి పందిరి కింద నిలబడి తూర్పుకి తిరిగితే రోడ్డుకి అవతల, ఆసుపత్రి ఉన్న స్థలంలో, కొత్త అపార్ట్‌మెంట్ల కిటికీల్లో లైట్లు. ఉత్తరానికి తిరిగితే ఓడ ఆకారంలో తెల్లటి కట్టడం. 1960లలో నావికుల సంఘం కోసం కట్టింది, తరవాత ఆసుపత్రి సొంతమైంది, ఇప్పుడు వేరే సంస్థ చేతిలో ఉంది. 2014 నుంచి అందులో ఇరవైనాలుగ్గంటల ఎమర్జెన్సీ నడుస్తోంది. కుట్లు వేస్తారు, ఎక్స్‌రే తీస్తారు. రోగిని చేర్చుకోవలసి వస్తే మాత్రం అంబులెన్సు ఎక్కించి ఇంకో ఆసుపత్రికి పంపేస్తారు.